ఆస్తి కాని దేహం

2025వ సంవత్సరం మార్చి నెల పదహారవ తేదీ ఆదివారం నాడు, ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లాలోని కొత్త గుమ్మడిపాడు కాలనీలో కాపురముంటున్న, ఆర్టీసీ డ్రైవరుగా పనిచేసి రిటైరై కాలం చేసిన యేసుప్రసాద్ గారి భార్య, ఎలిమెంటరీ స్కూలు టీచరుగా పనిచేసి రిటైరైన ప్రేమమ్మ అనే నేను, డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో, నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, ఎవరూ చెప్పి రాయించలేదు. ఇంతకు ముందు వీలునామా ఏదీ రాయలేదు కాబట్టి రద్దు చేయవలసినదీ లేదు, ఒక్క అంగీకార పత్రం తప్ప. దాని సంగతి నాలుగో అంశంలో వస్తుంది.

మతి స్థిరంగా ఉన్నదని మొదటే రాయాలంటారు. నా మతి స్థిరంగానే ఉంది. పొయ్యి ఆర్పానో లేదో గుర్తుంటుంది, నా దగ్గర చదివిన పిల్లలు తలలు నెరిసి ఎదురుపడినా పేరుతో పిలుస్తాను. ఒక్క విషయంలో మాత్రం పొద్దున ఒకటి అనుకుంటే సాయంత్రానికి ఇంకొకటి అనిపిస్తోంది. అది నా మతి దోషం కాదనీ, ఆ విషయమే అలాంటిదనీ నా నమ్మకం.

నందికొట్కూరులో దస్తావేజులు రాసే వసంతకుమార్ దగ్గరికి మొదట పోయాను. అతను కూడా నా దగ్గర రెండో తరగతి చదివినవాడే. ఇల్లూ చేనూ చెప్పినంతసేపు చకచకా రాసుకున్నాడు. నా శరీరం సంగతి ఎత్తగానే కలం పక్కన పెట్టాడు.

"ఇల్లు రాయొచ్చు, చేను రాయొచ్చు టీచరమ్మా. ఒళ్ళు రాయడానికి కాదు. చట్టంలో అది ఆస్తి కింద రాదు" అన్నాడు.

నా ఒళ్ళు నా ఆస్తి కాకపోతే మరి ఎవరి ఆస్తి అని అడిగాను. టీ తెప్పించాడు. టీ తాగి ఇంటికి వచ్చి నేనే రాసుకోవడం మొదలుపెట్టాను. ఆస్తి కాదు కాబట్టి నాలుగో అంశం చెల్లకపోవచ్చు. చెల్లినా చెల్లకపోయినా నా వాళ్ళు చదువుతారు కదా.

1. నేను ఇప్పుడు కాపురముంటున్న రెండు గదుల ఇల్లు, వెనక దొడ్డి, మునకలో పోయిన చేనికి బదులుగా ప్రభుత్వం ఇచ్చిన మెట్ట చేను, ఇవన్నీ నా తదనంతరం సర్వహక్కులతో నా ఒక్కగానొక్క కొడుకు, డోన్‌లో లారీ ఆఫీసులో పనిచేసే జయకుమార్‌కు చెందుతాయి. ఆ చేనిలో రాళ్ళు తప్ప ఏమీ పండవని వాడికి తెలుసు. అయినా అమ్మవద్దు. మా అత్త నల్లరేగడి పోగొట్టుకుని దాన్ని తెచ్చుకుంది. ఇంట్లో నా గదిలోకి వాడు ఏడాదిగా అడుగు పెట్టడం లేదు. ఎందుకు పెట్టడం లేదో నాకు తెలుసు, వాణ్ణి నేనేమీ అనలేదు. ఇల్లు వాడి పేరు మీదికి వచ్చిన తర్వాత ఆ గదిలోకి పోవాలి. అది ఇల్లే, జయా.

2. నా మెడలోని గొలుసు, కుట్టు మిషను, కంచి నుంచి ఆయన తెచ్చిన ఆకుపచ్చ చీర నా కోడలు ఆరాధనకు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత కూడా ఆమెదే. కొడుకుండగా కోడలికి ఎందుకు అని అడిగేవారికి నా జవాబు ఇది. ఆయన పోయిన రోజు వైద్య కళాశాలకు చేయవలసిన ఫోను ఎవరూ చేయలేకపోతే ఆమె చేసింది. ఆ తర్వాత మాట పడింది కూడా ఆమె ఒక్కతే. కన్నకూతురైతే అట్లా పంపిస్తుందా అని చర్చి సంఘంలో ఆడవాళ్ళు అన్నారు. ఆమెను అన్నారు గానీ, ఆయనతో పాటు అంగీకార పత్రం మీద సంతకం పెట్టిన నన్ను ఎవరూ అనలేదు. విధవను కాబట్టి నన్ను వదిలేశారు. బండి వచ్చేలోపు ఆమె వేణ్ణీళ్ళు తెచ్చి మామ కాళ్ళు కడిగి, వేళ్ళ సందులు కూడా తుడిచింది. ఎవరూ చూడలేదు. నేను చూశాను.

3. డ్యూటీకి ఆయన ఆఖరిగా వేసుకున్న ఖాకీ చొక్కా, ఉతికి ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టింది, మా బావగారు లాజరుకు. మా ఆయనకు అన్న, మా సంఘపెద్ద. ఈ బావ నాతో మాట్లాడి చాలా కాలమైంది. తప్పు ఆయనదో నాదో నేను నిర్ణయించలేను. కింద రాసింది చదివినవాళ్ళు నిర్ణయించగలిగితే వాళ్ళు నాకన్నా తెలివైనవాళ్ళు.

4. నా దేహం.

ఈ అంశం కింద మొదట రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. కొట్టేసినవి పైకి కనిపిస్తూనే ఉన్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు. ఏది కావాలో ఊరికే రాస్తే, దీనికి మతి పోయిందనే అనుకుంటారు. అందుకని జరిగింది జరిగినట్టు రాసి ఆ తర్వాత షరతు రాస్తాను.

మా పాత గుమ్మడిపాడు కృష్ణ ఒడ్డున ఉండేది. శ్రీశైలం ఆనకట్ట నీళ్ళు వస్తాయని ఏళ్ళ తరబడి చెప్పారు, మేము ఏళ్ళ తరబడి నమ్మలేదు. చివరికి 1981లో ఇళ్ళు పడగొట్టి మమ్మల్ని బండ్లెక్కించారు. మా అత్త బండెక్కలేదు. తన మొగుణ్ణి నీళ్ళల్లో వదిలి రానని సమాధుల దగ్గర కూర్చుంది. అన్నదమ్ములిద్దరూ, అంటే మా బావా మా ఆయనా, గడ్డపారలు తీసుకుని పోయి వాళ్ళ నాన్న గుంత తవ్వారు. దొరికిన ఎముకలను అత్త తన తెల్లచీరలో మూట కట్టుకుని, దారి పొడుగునా చంటిబిడ్డను పెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. కాలనీ సమాధుల తోటలో మొట్టమొదటి సమాధి ఆ మూటదే.

ఆ తోటలోకి రావలసిన ఇంకొకరు ఉన్నారు. జయకుమార్‌కు ముందు నాకు ఒక ఆడపిల్ల. నడక రాకముందే జ్వరంతో పోయింది. తాత పక్కనే పెట్టాము. నాన్న గుంత అయిపోయాక ఆయన ఆ చిన్న గుంత కూడా తవ్వాడు. నేను బండి మీద ఎదురుచూస్తున్నాను. వట్టి చేతులతో వచ్చాడు.

"ఏమీ లేదు ప్రేమా. మన్నే ఉండాది" అన్నాడు.

ఆయన చూసింది నిజమే. పసిపిల్లల ఎముకలు నిలవవట. ఆ తర్వాత మా కాపురంలో ఎప్పుడు కోపం వచ్చినా, కూరలో ఉప్పు గురించి మొదలైన గొడవైనా సరే, చివరికి అదే మాట దగ్గరికి వచ్చేదాన్ని. ఆ మన్నే ఒక పిడికెడు తెచ్చి ఉంటే ఏమయ్యేది అని. ఆయన ప్రతిసారీ ఒకే జవాబు. "మన్ను యాడైనా మన్నే కదా." 

ఒకే గుంతను ఇద్దరం రెండు రకాలుగా చూశాము. మనిషి మిగలడు కాబట్టి మిగలని దాని కోసం ఏడవనక్కర లేదని ఆయనకు అర్థమైంది. నా బిడ్డే మన్నైంది కాబట్టి ఆ మన్ను వేరని నాకు అర్థమైంది. ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయినప్పుడు ఇప్పటికీ పోయి చూస్తాను. చర్చి పునాది రాళ్ళు తేలుతాయి. సమాధుల జాడ మాత్రం తెలియదు. ఒండ్రు కప్పేసింది, దాని మీద ఎవరో శనగ వేసుకుంటారు. ఆ శనగలు ఒకసారి తెచ్చుకుని ఉడకబెట్టాను. తినలేకపోయాను, పారేయనూ లేకపోయాను. కోళ్ళకు వేసి, కోళ్ళు తింటుంటే ఏడ్చాను.

ఆయన రిటైరయ్యే ముందు డిపోలో ఆరోగ్య శిబిరం పెట్టారు. ఒక వైద్య కళాశాల నుంచి, పేరు ఇక్కడ రాయను, డాక్టరు మధులత గారు వచ్చి మాట్లాడారు. డాక్టర్లు కాబోయే పిల్లలు మనిషి శరీరం లోపల ఎట్లా ఉంటుందో నేర్చుకోవాలంటే ఎవరో ఒకరు తమ శరీరం రాసివ్వాలని చెప్పారు. ఆయన ఇంటికి రెండు కాగితాలు పట్టుకొచ్చాడు. ఒకటి తనకు, ఒకటి నాకు. నేను చదివే సంతకం పెట్టాను. ఆయన పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉంటే, చావు మాట ఎంత చదివినా నమ్మకం కలగదు. కథ మీద సంతకం పెట్టినట్టు పెట్టేశాను.

2022 ఆగస్టులో స్నానం చేసి వచ్చి తల తుడుచుకుంటూ ఆయన కూలిపోయాడు. మేము వెళ్ళి లేపేసరికే లేడు. ఆరాధన ఫోను చేసింది. బండి వచ్చేలోపు సంఘమంతా పాటల పుస్తకాలతో వచ్చింది. బావ అప్పటికే పెట్టె చేయించి తెచ్చాడు. కాగితం సంగతి ఆయనకు తెలియదు. తమ్ముడు చెప్పలేదు, మేము చెప్పలేదు. వరండాలో ఖాళీ పెట్టె ఒక పక్క, వాకిట్లో కళాశాల బండి ఒక పక్క. మధ్యలో మా చర్చి పాస్టరు అయ్యగారు నిలబడి, మట్టిలోకి పోని మనిషికి ఏ ప్రార్థన చదవాలో తెలియక ప్రయాణానికి పోయేవాళ్ళకు చేసే ప్రార్థన చేశారు.

బావ వచ్చి బండి తలుపు పట్టుకున్నాడు. కోపంగా లేడు. అదే ఇప్పటికీ నన్ను పీడిస్తుంది. తెలియక అడిగినట్టే అడిగాడు.

"యాడికి తీసుకపోతాండారప్పా నా తమ్ముణ్ణి? పండగొస్తే నేను యాడికి పోయి నిలబడల్ల?"

డ్రైవరు నా ముఖం చూశాడు, నేను ఆరాధన ముఖం చూశాను. జయకుమార్ గోడ వైపు తిరిగాడు. బావ తనే చెయ్యి తీసేశాడు. బండి పోయింది. వచ్చినవాళ్ళకు ఏం చేయాలో తోచలేదు. మాలో గుంతలోకి తలా పిడికెడు మన్ను వేసి, చేతులు కడుక్కుని ఇళ్ళకు పోతారు. వేయడానికి గుంత లేదు. చేతులకు మన్ను అంటలేదు. అయినా అందరూ తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నారు.

నాకు ఏడుపు రాలేదు. ఇది రాయడానికి సిగ్గుపడటం లేదు, అయోమయం అంతే. ఆయన శ్రీశైలం బస్సు నడిపిన రోజుల్లో పోతే రెండేసి రోజులు వచ్చేవాడు కాదు. ఇదీ అట్లాగే ఉంది. గొళ్ళెం వేయకుండా పడుకునేదాన్ని. ఆయన లేడని తెలుసు, పోయాడని మాత్రం అనిపించలేదు. శవాన్ని చూసి, గుంతలో దించి, మన్ను వేసి వచ్చిన ఆడవాళ్ళు ఏడ్చి ఏడ్చి కొన్నాళ్ళకు మామూలు అవుతారు. నాకు మొదలే కాలేదు.

ఆ తర్వాత ఈస్టరు వచ్చింది. సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే పండుగ. నేను కొవ్వొత్తులు కొన్నాను. తోటకు పోయాక అవి ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అత్త సమాధి మీద పెడదామని పోతే, అక్క సమాధి పక్కన, అంటే లాజరు బావ భార్య పక్కన, ఒక ఖాళీ చోటు కనిపించింది. చుట్టూ రాళ్ళు పేర్చి, ఆ రాళ్ళకు సున్నం కొట్టి ఉంది. లోపల ఏమీ లేదు. తమ్ముడి కోసం బావ ఎప్పుడో ఉంచిన చోటు అది. బావ దానికి కూడా పూలు పెట్టి పోయాడు.

ఆ ఖాళీ చోటు చూసిన తర్వాతే నేను కళాశాలకు పోయాను. ఒక్కసారి చూపించమని మధులత గారిని అడిగాను. ఆమె వద్దన్నారు. "ఇప్పుడు చూస్తే ఇదే గుర్తుండిపోతుందమ్మా, అంతకు ముందున్న మనిషి పోతాడు" అన్నారు. నేను లేవలేదు. ముఖం వద్దు, కాళ్ళు చూస్తానన్నాను. నలభై ఏళ్ళు పైగా ఒత్తిన కాళ్ళు, వందమంది కాళ్ళలో ఉన్నా గుర్తుపడతానని నా ధైర్యం. చివరికి ఆమే తీసుకుపోయారు.

ఆ హాల్లో మందు వాసనకు కళ్ళు మండాయి. విద్యార్థులు గోడవారగా జరిగి నిలబడ్డారు. గుడ్డ కొంచెం పైకి తీశారు. రెండు పాదాలు. గోధుమ రంగు, చెక్కలాగా గట్టిగా ఉన్నాయి. మడమల పగుళ్ళు వెతికాను, కనిపించలేదు. మందులో నానితే పూడిపోతాయేమో. బొటనవేలు ఆయనదిలాగే ఉంది, మళ్ళీ చూస్తే లేదు. ఎంతసేపు చూశానో తెలియదు.

"ఆయనేనా అమ్మా?" అని మధులత గారు మెల్లగా అడిగారు.

అందరూ నాకోసం నిలబడి ఉన్నారు. అవునన్నాను. నాకు తెలియదు. ఆ రోజూ తెలియదు, ఈ రోజూ తెలియదు. పాదాలకు చెయ్యి తాకించి బయటికి వచ్చాను. వెనకాలే ఒక విద్యార్థిని పరుగెత్తుకుంటూ వచ్చి, "సార్ దగ్గర చాలా నేర్చుకున్నామమ్మా" అంది. వాళ్ళు ఆ బల్లల మీది వాళ్ళందరినీ సార్ అనీ మేడమ్ అనీ పిలుస్తారట. బతికినన్నాళ్ళూ నేను టీచరును, ఆయన డ్రైవరు. పోయాక ఆయన సారయ్యాడు. నవ్వు వచ్చింది. బస్సులో కూర్చున్నాక ఏడుపు కూడా వచ్చింది, మొట్టమొదటిసారి. ఎవరి కోసం ఏడుస్తున్నానో మాత్రం ఖాయంగా చెప్పలేను. అవి వేరే ఎవరి పాదాలో అయితే, ఆ మనిషి భార్య ఎక్కడుందో, ఆమె తరఫున నేను మొక్కినట్టేనా అనుకుంటూ ఇల్లు చేరాను.

మరుసటి ఏడాది కళాశాల నుంచి కబురు వచ్చింది. పాఠాలు అయిపోయాయి, మిగిలినదాన్ని దహనం చేస్తున్నాము, కావాలంటే రండి అని. దహనం అనగానే జయకుమార్ రానన్నాడు. మాలో కాల్చరు. నేనూ ఆరాధనా పోయాము. అంతా అయ్యాక బూడిద కొంచెం ఇమ్మన్నాను. ఇస్తూ మధులత గారు ఒక మాట చెప్పారు. "అబద్ధం చెప్పలేనమ్మా. ఇందులో ఆయన ఒక్కరే లేరు. అందరినీ కలిపే దహనం చేశాము." మిగతావాళ్ళు ఎవరు అని అడిగితే, ఆయనలాగా రాసిచ్చినవాళ్ళు కొందరు, ఆసుపత్రిలో పోయి అడిగే దిక్కు లేనివాళ్ళు కొందరు అన్నారు.

తీసుకోవాలా వద్దా అని నేను నిలబడిపోతే ఆరాధన బజారుకు పోయి మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బా కొనుక్కొచ్చింది. ఎవరైతేనేం, ఒకసారి వట్టి చేతులతో వచ్చినందుకు ఆయన్ను జీవితమంతా సాధించాను, ఈసారి నేను వట్టి చేతులతో పోను అనుకుని తెచ్చుకున్నాను. ఆ డబ్బా నా గదిలో బీరువా మీద ఉంది. జయకుమార్ ఆ గదిలోకి రాకపోవడానికి కారణం అదే. "దయ్యమని కాదు మా. దానికి దండం పెట్టల్లనో, గమ్మున పోవల్లనో నాకు తెలీదు" అన్నాడు. వాడు చెప్పింది అక్షరాలా నిజం. నాకూ తెలియదు. నేను పొద్దున్నే దుమ్ము తుడుస్తాను.

దాన్ని ఆ ఖాళీ చోట్లో పెడదామని బావకు కబురు పంపాను. వచ్చాడు. వరండాలోనే కూర్చున్నాడు. బూడిదను మా తోటలో పెట్టే ఆచారం లేదన్నాడు. గుంత దగ్గర అయ్యగారు మన్ను మన్నుకు, బూడిద బూడిదకు అని చదువుతారు కదా అని నేనన్నాను. దానికి తల ఊపాడు. అప్పుడు, దాచడం ఇష్టం లేక, కలిపి కాల్చిన సంగతి కూడా చెప్పాను.

"ఆ చోటు నా తమ్మునిదమ్మా. ఎవురెవుర్నో యెట్ల పెడదాం?" అన్నాడు.

"ఇందులో మీ తమ్ముడు కూడా ఉన్నాడు బావా" అన్నాను.

"ఎంత ఉండాడు?"

జవాబు కోసం ఆగలేదు. లేచి పోయాడు. అప్పటి నుంచి మాటల్లేవు. చర్చిలో ఎదురైతే తల వంచుకుని పోతాడు, నేనూ అంతే. అయ్యగారిని అడిగాను, పునరుత్థాన దినాన ఆయన ఎక్కడి నుంచి లేస్తాడని. దేవునికి అసాధ్యమైనది ఏదీ లేదమ్మా అన్నారు. దేవునికి కష్టమని నేను అడగలేదు అయ్యగారూ, నాకు కష్టంగా ఉంది అన్నాను.

ఇక షరతు.

(అ) నా శరీరాన్ని కళాశాలకు ఇస్తానని ఆయన పక్కన కూర్చుని నేను సంతకం చేసిన అంగీకార పత్రాన్ని ఇందుమూలంగా రద్దు చేసుకుంటున్నాను. ఆయన చేసింది తప్పని కాదు. ఆ విద్యార్థిని ముఖం చూసిన తర్వాత తప్పు అనలేను. బావ చెయ్యి బండి తలుపు మీద ఉండటం చూసిన తర్వాత ఒప్పు అనీ అనలేను. "నిన్ను గూడా ఆ బండి ఎక్కియ్యమంటే నాతో కాదు మా" అని జయకుమార్ ఒక్కసారే అన్నాడు, కంచం ముందు కూర్చుని, తల ఎత్తకుండా. ఇంత చదివి, ఇంత చూసి, నా దేహం నా తర్వాత నాకు పనికిరాదని నాకు బాగా తెలుసు. ఎవరికి పనికొస్తుందో వాళ్ళకే పోవాలి. చదువుకునే పిల్లలకు ఇంకొకరు దొరుకుతారు. నా కొడుక్కి ఇంకొక తల్లి శవం దొరకదు. ఈ వాక్యం చిత్తుప్రతిలో రాసి మూడు రోజులు వదిలేసి మళ్ళీ చదివాను. ఇప్పటికి మార్చలేదు. మధులత గారికి ఈ మాట ఆరాధన ముందుగానే చెప్పి క్షమాపణ అడగవలెను.

(ఆ) నా కళ్ళు మాత్రం ఇవ్వవచ్చు. కళ్ళు తీసుకునేవాళ్ళు ఇంటికే వచ్చి, తీసుకుని, రెప్పలు మూసి పోతారట. మనిషి ఇంట్లోనే ఉంటుంది. జయకుమార్‌కు ఇది కూడా కష్టమైతే వాడు ఆ కాసేపు బయట నిలబడవచ్చు. ఫోను ఆరాధన చేయాలి, కానీ ఈసారి జయకుమార్ ఆమె పక్కన నిలబడి ఉండాలి. మాట పడవలసి వస్తే ఇద్దరూ పడండి.

(ఇ) నన్ను కాలనీ సమాధుల తోటలో, సున్నం రాళ్ళ మధ్య ఉన్న ఆ ఖాళీ చోట్లో పెట్టాలి. స్టీలు డబ్బాను నా పెట్టెలోనే, కాళ్ళ దగ్గర కాదు, కుడి చెయ్యి పక్కన పెట్టాలి. అందులో ఆయన ఎంత ఉన్నాడన్నది నేను తేల్చలేకపోయాను. పిడికెడున్నా చాలు. మిగతావాళ్ళ కోసం పండుగ నాడు ఎవరూ ఎక్కడా నిలబడటం లేదు. మా వాళ్ళు నా కోసం నిలబడినప్పుడు వాళ్ళకూ జరిగిపోతుంది. అయ్యగారు ప్రార్థనలో నా పేరు, ఆయన పేరు చదివి, పేర్లు తెలియనివారిని కూడా తలుచుకోవాలి. బావ ఒప్పుకోకపోతే తోటలో నిలబడి పోట్లాడవద్దు. నన్ను వేరే ఎక్కడైనా పెట్టండి, డబ్బా మాత్రం నాతోనే రావాలి.

5. నా పాటల పుస్తకం, కళ్ళద్దాలు, స్కూల్లో వాడిన చేతిగంట పక్కింటి పరమేష్ సారుకు ఇద్దామనుకున్నాను. ఆయన సాక్షి సంతకం పెడతానన్నాడు. సాక్షిగా ఉండేవారికి వీలునామాలో ఏమీ రాయకూడదని వసంతకుమార్ చెప్పాడు. కాబట్టి అవి మా సంఘం ఆదివారపు బడికి.

6. పైన రాసినదంతా నా ఇష్టం. కానీ ఆ రోజు వాన పడుతుండవచ్చు, డాక్టర్లు రాకపోవచ్చు, జయకుమార్ లారీతో పాటు ఏ గుంతకల్లులోనో ఉండిపోవచ్చు. అప్పుడు మీకు ఏది చేతనైతే అది చేయండి. నేను లేచి అడగను. చేసిన తర్వాత, సరిగ్గా చేశామా లేదా అని ఒకరినొకరు ఏళ్ళ తరబడి అడుక్కోవద్దు. మేమిద్దరం ఆ పని చేశాము, అందులో సుఖం లేదు. వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టి పంపండి.

చేర్పు: ఇంతవరకు రాసి, రెండో సాక్షిగా ఎవరిని పిలవాలా అని ఆలోచించి, మధ్యాహ్నం ఆరాధనను లాజరు బావ ఇంటికి పంపాను. వస్తాడనుకోలేదు. చేతికర్ర ఊతంతో వచ్చాడు. ఈసారి వరండాలో ఆగలేదు, లోపలికి వచ్చి కూర్చున్నాడు. సంతకానికి ముందు చదవాలన్నాడు. పరమేష్ సారు చదివి వినిపించాడు. బండి తలుపు దగ్గరికి వచ్చేసరికి బావ తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఎంత ఉండాడు" అనే చోట సారును ఆగమన్నాడు. కొంచెంసేపటికి మళ్ళీ చదవమన్నాడు.

ఆయన సాక్షి అవుతున్నందున మూడో అంశం చెల్లదు. దాన్ని కొట్టివేస్తున్నాను. ఖాకీ చొక్కా బీరువా నుంచి తీసి ఇప్పుడే ఆయన చేతికి ఇచ్చాను. మడత విప్పలేదు, ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత నన్ను కాదు, ఆరాధనను చూసి అన్నాడు:

"నాలుగో దాంట్లో ఇంగొగ మాట రాయమను. గుంత కొంచిం వెడల్పుగా తవ్వల్లని. శానామంది ఉండారు కదా."

కాబట్టి నాలుగో అంశం (ఇ)లో, గుంత వెడల్పుగా తవ్వవలెనని చేర్చి చదువుకోవలసినది.

ఇది నా పూర్తి సమ్మతితో, ఈ ఇద్దరు సాక్షుల కళ్ళ ఎదుట సంతకం చేసిన వీలునామా.

తేది: 16 మార్చి 2025
కొత్త గుమ్మడిపాడు కాలనీ

(సంతకం) ప్రేమమ్మ

సాక్షులు:
1. పరమేష్, రిటైర్డ్ టీచరు, పక్కిల్లు
2. లాజరు, యేసుప్రసాద్ అన్న